పలక సాయిబు గారి మధ్యాహ్నం

మొన్న మా ఆఫీసులో ఒక ఉద్యోగి మధ్యాహ్నం పూట మైనస్ రెండు గంటలు పని చేశాడు. నేను అనడం కాదు, కంప్యూటర్ అంది. హైదరాబాదులో మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి హాజరు లెక్కల ప్రోగ్రాం రాసి, తెర మీద ఆ వరస చూపించి, "మేడం, ఇదెలా వచ్చిందో అర్థం కావట్లేదు" అని దిగులుగా నిలబడింది. నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆ పిల్ల తనను చూసి నవ్వుతున్నాననుకుంది. నేను నవ్వింది నన్ను చూసి. ఆరేళ్ల కిందట నల్లపాడు అవతల ఒక మిరపకాయల కళ్లం పక్కన కూర్చుని, అచ్చం ఇదే తప్పు చేసి, పలక పట్టుకున్న ఒక పెద్దాయనకు దొరికిపోయినదాన్ని నేను.

ఈ సంగతి ఆయనకు చెబితే ఎంత సంబరపడతాడో అనిపించింది. సాయంత్రం ఇంటికెళ్లాక, ఆ కళ్లంలో పనిచేసే కోటమ్మకు ఫోన్ చేశాను. "బాబాయ్ పోయి నాలుగు నెల్లయింది మేడం, మీకు తెలీదా?" అంది కోటమ్మ.

ఆయనకు పేరుంది. కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా రాయను. కళ్లంలో పనిచేసే ఆడవాళ్లందరికీ పలక బాబాయ్. కళ్లం యజమాని షావుకారుకు "ఏమయ్యా పలకా". నాకు సాయిబు గారు. దర్శి దగ్గర పల్లెలో పరుపులకు దూది ఏకే ఇంట్లో పుట్టాడు. పరుపుల్లోకి స్పాంజి వచ్చాక ఏకుడు పని పోయింది. "దూది నన్నొదిలేసింది, మిరపకాయ పట్టుకుంది" అనేవాడు.

గేటు పక్కన రేకుల గది, అందులో ఒక చెక్క కుర్చీ, కుర్చీలో ఆయన, ఆయన ఒళ్లో బడిపిల్లల పలక. బలపం చెవి మీద. తడిగుడ్డ మోకాలి మీద. పలక మధ్యలో పైనుంచి కిందికి ఒక గీత. గీతకు ఎడమ పక్క పొద్దుటి పూట, కుడి పక్క మధ్యాహ్నం పూట. లోకంలో ప్రతిదీ ఆ గీతకు అటో ఇటో పడాల్సిందే ఆయనకు. "ఇవ్వాళ ఎన్ని టీలు తాగారు సాయిబు గారూ?" అంటే "పొద్దుటి పూట రెండు, మధ్యాహ్నం పూట ఒకటి" అనేవాడు. "మా ఆవిడ పొద్దుటి పూట చాలా మంచిదమ్మాయ్" అని ఒకసారి చెప్పి, మిగతా సగం చెప్పకుండా బలపం నూరుకోసాగాడు.

మిరపకాయల దగ్గర పనిచేసిన వాళ్లకు తెలుసు, అక్కడి గాలికి ముక్కుతో వైరం. నేను వెళ్లిన కొత్తలో తుమ్మి తుమ్మి కీబోర్డు మీద తల పెట్టుకునేదాన్ని. ఆయన గేటు గదిలోంచే లెక్కపెట్టేవాడు. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే పలక తిప్పి చూపించేవాడు: పొద్దుటి పూట పదకొండు, మధ్యాహ్నం పూట ఇరవై. ఆయన మాత్రం తుమ్మగా నేను చూడలేదు. "డ్యూటీలో ఉన్నా గదా" అనేవాడు.

ఇంతకీ ఈ పలక ఎందుకంటే, ఆ కళ్లంలో నీడ వంతు అని ఒక పద్ధతి ఉండేది. అక్కడ పని రెండు చోట్ల. ఒకటి బయట, కళ్లం మీద. ఆరబోసిన కాయను తిరగేయాలి, రంగు పోయిన తాలుకాయ ఏరాలి, నెత్తి మీద గుంటూరు ఎండ. రెండోది లోపల, షెడ్డులో. ఫ్యాన్ల కింద కూర్చుని ముచ్చికలు, అంటే కాయల తొడిమలు, తీయాలి. షెడ్డులో పన్నెండు పీటలే పడతాయి. మరి ఎవరు కూర్చోవాలి? ఈ వారం కళ్లం మీద మధ్యాహ్నం గంటలు ఎవరు ఎక్కువ పడ్డారో, వచ్చే వారం ఆ పన్నెండు మందికి నీడ. ఇద్దరికి సమానంగా వస్తే పొద్దుటి గంటలు చూస్తారు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు అన్నది సాయిబు గారు పలక మీద వేసుకుని, పూటల లెక్క నోటుబుక్కులోకి ఎక్కించుకుని, సోమవారం పొద్దున్నే పన్నెండు పేర్లు చదివేవాడు. ఎండాకాలంలో ఆ పేర్లు వినడానికి అంతమంది ఎంత నిశ్శబ్దంగా నిలబడేవాళ్లో చెప్పలేను. ఏళ్ల తరబడి ఒక్కరూ ఆయనతో తగువు పడలేదట.

అలాంటి చోటికి షావుకారు కంప్యూటర్ కొన్నాడు. పక్క కళ్లం వాళ్లు కొన్నారని కొన్నాడు, అంతకు మించి కారణం లేదు. గుంటూరు అరండల్‌పేటలో రెండు గదుల ఆఫీసులో పనిచేస్తున్న నన్ను, కొత్తగా ఎం.సి.ఎ. పాసైన గర్వంతో సహా, అక్కడికి పంపారు. గంటల లెక్క చేసే ప్రోగ్రాం ఎస్.క్యూ.ఎల్.లో రాయాలి. ఎస్.క్యూ.ఎల్. అంటే పట్టికల్లో దాచిన సంగతుల్ని అడిగి రాబట్టే భాష. మనకు అడగడం రాకపోతే అది తప్పు సమాధానమే చెబుతుంది, కానీ ఎంతో ధీమాగా చెబుతుంది.

మొదటి రోజే షావుకారు మా ఇద్దరినీ నిలబెట్టి షరతు చెప్పాడు. "మూడు వారాలు కంప్యూటర్ లిస్టూ పలక లిస్టూ పక్కపక్కన పెట్టి చూస్తా. మూడుసార్లూ కలిసినయ్యా, పలక అటకెక్కుద్ది. ఏమయ్యా పలకా, అప్పుడు నువ్వు కళ్లం మీద కాపలాకి పోవాల. మేకలొస్తన్నయ్యి. కలవలేదా, ఈ అమ్మాయి కంప్యూటర్ సర్దుకుని పోద్ది."

సాయిబు గారికి అప్పటికి అరవైకి రెండేళ్లు తక్కువ. కుర్చీ పోతే ఎండలోకి పోవాలి. ఆయన మాత్రం మర్నాడు నా గదిలోకి తొంగిచూసి, "ఏకై వచ్చావు, మేకై దిగుతావేమో చూద్దాం" అన్నాడు నవ్వుతూ. దూది ఏకే ఇంటి మనిషి నోట ఆ సామెత వింటే వేరుగా ఉంటుంది.

షరతు మొదలు కాకముందు ఒక వారం పరీక్షగా నడిపాం. పన్నెండున్నరకు వచ్చిన ఒకావిడను నా ప్రోగ్రాం అర్ధరాత్రి పన్నెండున్నరకు వచ్చినట్టు రాసుకుని, ఆమెకు పొద్దుటి పూట పదకొండున్నర గంటలు ఇచ్చింది. సాయిబు గారు ఆ కాగితం చదివి, "పాపం, చీకట్లో కళ్లం మీద ఒక్కతే కూచుందా? చెప్తే దుప్పటన్నా ఇచ్చేవాళ్లం గదా అమ్మాయ్" అన్నాడు.

ఇంకోరోజు మా ఇద్దరికీ వాదం పడింది. సరిగ్గా పన్నెండు గంటలు పొద్దుటి పూటా, మధ్యాహ్నం పూటా? నేను చదువుకున్నదాన్ని కాబట్టి మధ్యాహ్నం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"పన్నెండు ఎవరిదీ కాదు. గడప లాంటిది అది. గడప మీద ఎవరన్నా కాపరం చేస్తారా? దాటి పోవటమే" అన్నాడు.

"కంప్యూటర్‌కు గడపలు తెలియవు సాయిబు గారూ. అటో ఇటో వేయాల్సిందే."

"అయితే దానికి ఇల్లు లేదన్న మాట" అని లేచిపోయాడు.

షరతు మొదలైంది. మొదటి వారం రెండు లిస్టులూ కలిశాయి. రెండో వారం కలిశాయి. నా కాళ్లు నేల మీద ఆనలేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మూడో వారం శనివారం అయిదింటికి పని దిగింది. ఆరింటికి షావుకారు వస్తాడు. నేను లిస్టు తీసి, మేజా మీద పెట్టి, గాలికి ఎగరకుండా పేపర్‌వెయిట్ పెట్టాను. అప్పుడొచ్చాడు సాయిబు గారు, చెప్పులు గుమ్మం బయట వదిలి, పలక చంకలో పెట్టుకుని.

"కోటమ్మ గంటలు చదువు" అన్నాడు.

కోటమ్మ చంటిబిడ్డ తల్లి. బిడ్డకు ఏడో నెల. ఆ వారం బిడ్డకు జ్వరం వచ్చి రెండు రోజులు పదింటికే వెళ్లిపోయింది. మిగతా నాలుగు రోజులూ అయిదింటి దాకా కళ్లం మీదే ఉంది. మధ్యాహ్నం పదహారు గంటలు అని చదివాను. లిస్టులో ఆఖరి పేరు, పన్నెండోది, పద్దెనిమిది గంటల దగ్గర ఆగింది. కోటమ్మ లిస్టులో లేదు.

ఆయన పలక తిప్పి చూపించాడు. కోటమ్మ, కుడి పక్క, ఇరవై.

"నాలుగు రోజులు. రోజుకు అయిదు గంటలు. చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆ నాలుగ్గంటలు ఎవరు తిన్నారు?"

నాకు కోపం వచ్చింది. మొత్తం గంటలు అన్నీ సరిచూశాను, ఒక్కటి కూడా తేడా లేదు, మీ పలకే ఎక్కడో చెరిగి ఉంటుందని గట్టిగా అన్నాను. పెద్దమనిషి మీద గొంతు పెంచాను. "పదింటికి పోయిన రోజుది చదువు" అన్నాడు.

చదివాను. పొద్దుటి పూట అయిదు. మధ్యాహ్నం పూట మైనస్ రెండు.

ఏడింటికి వచ్చి పదింటికి పోయిన మనిషికి నేను పొద్దుటి పూట పన్నెండు దాకా ఇచ్చేసి, లేని రెండు గంటలు మధ్యాహ్నంలోంచి కోసుకున్నాను. అయిదులోంచి రెండు పోతే మూడు. మొత్తం సరిపోయింది. మొత్తం సరిపోయింది కాబట్టే నాకు తప్పు కనబడలేదు. బిడ్డకు జ్వరమొచ్చిన రెండు రోజులూ కలిసి, ఎండలో పడిన నాలుగు గంటల్ని మింగేశాయి.

"మైనస్ మధ్యాహ్నం" అన్నాడు సాయిబు గారు మెల్లగా, ఆ మాటను రుచి చూస్తున్నట్టు. "అంటే ఎండే ఆమెకు బాకీ పడిందా, ఆమె ఎండకు బాకీ పడిందా?" అని ఇక ఆపుకోలేక కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

తర్వాత మేజా మీద బలపంతో అడ్డంగా ఒక గీత గీశాడు. మూడు చోట్ల పొడిచాడు: ఏడు, పన్నెండు, అయిదు. జేబులోంచి రెండు ఎండుమిరపకాయలు తీశాడు. ఒకటి ఏడు దగ్గర పెట్టాడు. "వచ్చింది." ఇంకోటి పది దగ్గర పెట్టాడు. "పోయింది. ఇప్పుడు చూడు. పూటను దాని పూటగా చూడాల. ప్రతి పూటకీ రెండు ప్రశ్నలే. మనిషి వచ్చిన టైమూ, పూట మొదలైన టైమూ, రెంటిలో ఏది వెనకదో అది పట్టుకో. మనిషి పోయిన టైమూ, పూట అయిపోయిన టైమూ, రెంటిలో ఏది ముందుదో అది పట్టుకో. ఈ రెంటి మధ్యనున్నదే ఆ పూట పని."

"మధ్యాహ్నానికి వేస్తే వెనకది పన్నెండు, ముందుది పది" అన్నాను. "మళ్లీ మైనస్సే కదా?"

"పట్టుకున్న రెండూ తారుమారుగా నిలబడ్డయ్యంటే, ఆ పూట మనిషి రాలేదని. రాని మనిషికి సున్నా ఎయ్యి. సున్నా కంటే కిందికి మనిషిని దించకూడదమ్మాయ్."

రెండింటిలో పెద్దది, రెండింటిలో చిన్నది, తీసేయగా వచ్చింది సున్నా కంటే తక్కువైతే సున్నా. మూడే మూడు ముక్కలు. యూనివర్సిటీలో మూడేళ్లు చదివి నేను రాయలేని ప్రశ్నను ఆయన రెండు మిరపకాయలతో రాశాడు. వెంటనే టైపు చేశాను. కోటమ్మ ఇరవైతో లిస్టులోకి వచ్చింది. పద్దెనిమిది గంటల పేరు కిందికి దిగింది. రెండు లిస్టులూ కలిశాయి.

అప్పుడు గానీ నా బుర్రకు వెలగలేదు. గోడ గడియారంలో ఆరుకు పది నిమిషాలుంది. ఈయన ఒక్క పది నిమిషాలు గేటు దగ్గరే కూర్చుని ఉంటే చాలు. షావుకారు వచ్చి రెండు లిస్టులూ చూసేవాడు, కలిసేవి కావు, నేను సర్దుకుని పోయేదాన్ని, కుర్చీ ఆయనకు ఉండేది.

"ఎందుకు చెప్పారు సాయిబు గారూ? చెప్పకపోతే మీ కుర్చీ నిలిచేది గదా?"

ఆయన మిరపకాయలు జేబులో వేసుకుని, మేజా మీది గీతను తడిగుడ్డతో తుడిచాడు.

"షావుకారు కంప్యూటర్ కొన్నాక ఊరుకుంటాడా? ఈ సీజన్ కాకపోతే వచ్చే సీజన్. నేను నాలుగు నెల్లు కూచుంటా కుర్చీలో. ఆ తర్వాత నీ తప్పు నలభయ్యేళ్లు కూచుంటది. చంటిబిడ్డల తల్లులు వస్తానే ఉంటారు" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆరింటికి షావుకారు వచ్చి, రెండు కాగితాలూ పట్టి చూసి, "భేష్" అన్నాడు. పలక అటకెక్కింది.

సోమవారం నుంచి సాయిబు గారు కళ్లం మీద, చేతిలో కర్ర, నెత్తిన ఒక చువ్వ విరిగిన నల్లగొడుగు. మేకల్ని కూడా రెండు పూటలుగా తోలేవాడు. గేటు గదిలో ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. అందుకని షావుకారు దగ్గరికి పోయి, కళ్లం మీద ఎండలో ఉంటున్నాడు కాబట్టి ఆయన పేరు కూడా లిస్టులో ఎక్కిస్తానన్నాను. "ఎండ అందరికీ ఎండే. ఎక్కించు" అన్నాడు షావుకారు. అన్నేళ్లలో ఆయన పేరు ఏ లిస్టులోనూ లేదు. పలకలో పలక మనిషి ఉండడు గదా.

రెండో వారం, కోటమ్మ నీడ వంతు అయిపోయి మళ్లీ కళ్లం మీదికొచ్చాక, శనివారం లిస్టు తీస్తే మొదటి పేరు ఆయనదే. మధ్యాహ్నం ముప్పై గంటలు. ఆరు రోజులకు అయిదేసి, ఒక్క నిమిషం తేడా లేదు. ఆడవాళ్లు ఒకటే వేళాకోళం. "రా బాబాయ్, పీట కడిగి పెడతాం, ముచ్చికలు తీద్దువు గాని" అంది కోటమ్మ. ఆయన నేరుగా నా గదిలోకి వచ్చి కాగితం అడిగాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. పన్నెండో పేరు దగ్గర ఆగాడు. పదమూడో పేరు కూడా చదివాడు. ఆ వారం పదమూడోది కోటమ్మ.

"తప్పుందమ్మాయ్. నేను రోజూ నమాజుకి అరగంట పోతన్నా. అది తీశావా?"

"నా దగ్గర వచ్చిన టైమూ పోయిన టైమే ఉన్నాయి."

"మనిషి రోజుకి ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోతాడని దానికి ఎవరు చెప్పారు? తియ్యి. మూడు గంటలు. శుక్రవారం ఇంకో గంట. టీకి రోజూ అరగంట, అదో మూడు."

ఇరవై మూడుకు దిగాడు. ఇంకా లిస్టులోనే ఉన్నాడు. గెడ్డం గోక్కున్నాడు. "గొడుగేసుకున్న గంటలు? గొడుగు కింద ఉంటే అది నీడే గదా? ఒక ఏడు తియ్యి."

పదహారు. పద్నాలుగు గంటలు తీసేసి పదమూడో వాడయ్యాడు. కోటమ్మ పన్నెండులోకి వచ్చింది. బజార్లో బేరం ఆడేవాళ్లను చూశాను గానీ, తనను తాను తగ్గించుకోవడానికి బేరం ఆడే మనిషిని అప్పుడే చూశాను.

"సరే. మరి కోటమ్మ? రోజూ రెండింటికి వాళ్లత్త బిడ్డను గేటు దగ్గరికి తెస్తుంది. అరగంట పాలిస్తుంది. అది కూడా తీయాలి గదా?" అన్నాను ఉక్రోషంగా.

ఆయన కాగితం మేజా మీద పెట్టేశాడు. "బిడ్డ పాలు తాగే టైము పొద్దుటిదీ కాదు, మధ్యాహ్నానిదీ కాదు. అది నా పలక మీద ఎప్పుడూ ఎక్కలా. నీ దాంట్లోనూ ఎక్కదు" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి శనివారం, కళ్లంలో అందరూ చూస్తుండగానే, ఆయన దగ్గర్నుంచి ఒక చీటీ వచ్చేది. నమాజు మూడు, శుక్రవారం ఒకటి, టీ మూడు, గొడుగు ఏడు. ఎండ ముదిరింది. ఆయన మెడ మీద చర్మం కమిలింది. నేనూ మొండిదాన్నే. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ప్రోగ్రాంలో ఒక వాక్యం రాశాను: ఈ ఒక్క టోకెన్ నంబరుకు, అంటే ఆయనకు, పద్నాలుగు గంటలు కలుపు. ఆయన తీసింది తీసినట్టే ఉంటుంది, నేను కలిపింది కలిపినట్టే ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ వారం చీటీలో ఆయన శుక్రవారం గంట రాయడం మర్చిపోయాడు. పదమూడే తీశాను. ప్రోగ్రాం పద్నాలుగు కలిపింది. ఆయన కాగితం పట్టుకుని కిటికీ వెలుగులోకి వెళ్లాడు.

"అమ్మాయ్, ఆరు రోజులు, రోజుకి అయిదు. ముప్పై."

"అవును."

"నాకు ముప్పై ఒకటి వచ్చినయ్యి. ఆ ఒక్క గంట ఎండ ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

నేను తల ఎత్తలేకపోయాను. దొరికిపోయినందుకు కాదు. ఆయన తిట్టకుండా, కీబోర్డు పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, "తీసెయ్యి, నేను చూస్తా ఉంటా" అన్నందుకు. తీసేశాను. ఆయన గంట తీశాను, నా వాక్యం తీశాను. ఏడుపొచ్చింది. వస్తే తుమ్ములు కూడా వచ్చాయి. "మధ్యాహ్నం పూట నాలుగు" అని లెక్కపెట్టి లేచాడు.

ఆ సీజన్ అయిపోయింది, నేను హైదరాబాదుకు వచ్చేశాను. ఆయన ఒక్క వారం కూడా ఫ్యాన్ కింద కూర్చోలేదు.

ఇదంతా మొన్న ఫోన్లో కోటమ్మతో నేను చెప్పలేదు. ఏదో ఒకటి అడగాలి గనక, ఆయన సమాధి ఎక్కడని అడిగాను.

"వాళ్ల ఊళ్లోనే మేడం, దర్శి కాడ. మేం పన్నెండు మందిమి ఆటో మాట్టాడుకుని పోయి చూసొచ్చాం. పక్కన వేపచెట్టుంది. కానీ అది తూర్పు పక్కనుంది. పొద్దుటి పూటే నీడ పడుద్ది. మధ్యాహ్నం అంతా ఎండే."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అందుకని వాళ్లబ్బాయినడిగి పడమటి పక్కన ఒక కానుగ మొక్క ఏసొచ్చాం. వంతులేసుకుని పోయి నీళ్లు పోస్తన్నాం."

"నీడ ఎప్పటికొస్తుంది కోటమ్మా?"

"మూడేళ్లు పడుద్దంట. పడనీ మేడం. ఈసారి చీటీ రాసి వెనక్కి పోటానికి ఆయన లేడు గదా."